తొలి బ్రిటిష్ జెట్ యుద్ధవిమానాలు: ఆటలో ఎంత చరిత్ర?

నేను నివసించే సెరంగూన్ గార్డెన్స్ ప్రాంతంలో వీధుల పేర్లన్నీ ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చినవే. కెన్సింగ్టన్ పార్క్ రోడ్డు, చార్ట్‌వెల్ డ్రైవ్, కౌడ్రే ఎవెన్యూ. 1950లలో ఈ కాలనీ కట్టినప్పుడు ఇళ్ళలో చాలా వాటిని బ్రిటిష్ సైనికోద్యోగుల కుటుంబాలు అద్దెకు తీసుకున్నాయి. వారిలో ఎక్కువమంది ఇక్కడికి ఉత్తరాన ఉన్న సెలెటార్ వైమానిక స్థావరంలో పనిచేసినవారు. ఆ వీధుల్లోనే ఒక ఇంట్లో, డెబ్భై ఏళ్ళ తరువాత, పదహారేళ్ళ మా అబ్బాయి తలకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ప్రతి శనివారమూ అవే విమానాలను నడుపుతూ ఉంటాడు.

ఒకరోజు భోజనాల దగ్గర వాడు, "నాన్నా, ఇవాళ మీటియోర్‌తో రెండు మెసర్‌ష్మిట్ 262లను కూల్చాను. యుద్ధంలో నిజంగా ఎన్ని కూల్చాయి?" అని అడిగాడు. నాకు తెలిసిన జవాబు చెప్పాను: సున్నా. వాడు నమ్మలేదు. "అన్నీ లెక్క ప్రకారమే పెట్టారు నాన్నా, రెక్క పొడవుతో సహా" అన్నాడు. ఇద్దరం చెప్పినదీ నిజమే. రెక్క పొడవు సరిగ్గానే ఉన్నది. యుద్ధం మాత్రం జరగలేదు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి విషయం.

నేను విమాన చరిత్రకారుణ్ణి కాను, వైద్యుణ్ణి. అయితే తొలి జెట్ విమానాల చరిత్రలో వైద్యశాస్త్రానికి చెందిన భాగం చిన్నది కాదు. ఆటలు తయారుచేసేవారు ఎక్కువగా వదిలివేసినది కూడా ఆ భాగమే.

జరగని ద్వంద్వయుద్ధం

ముందుగా తేదీలు. ఫ్రాంక్ విటిల్ రూపొందించిన ఇంజనుతో బ్రిటన్ తొలి ప్రయోగాత్మక జెట్ 1941 మే 15న ఎగిరింది. గ్లాస్టర్ కంపెనీలో జార్జ్ కార్టర్ రూపకల్పన చేసిన మీటియోర్ 1943 మార్చి 5న క్రాన్‌వెల్‌లో మొదటిసారి గాలిలోకి లేచింది. డి హావిలాండ్ వారి వాంపైర్ అదే సంవత్సరం సెప్టెంబరు 20న ఎగిరింది. 1944 జూలైలో 616వ స్క్వాడ్రన్ చేతికి మీటియోర్లు వచ్చాయి. జూలై 27న అవి మొదటిసారి యుద్ధ విధికి బయలుదేరాయి. జర్మనీ మెసర్‌ష్మిట్ 262 ఒక బ్రిటిష్ మాస్కిటో విమానాన్ని తరిమినది కూడా ఆ జూలై చివరి వారంలోనే. రెండు దేశాల జెట్లూ దాదాపు ఒకే వారంలో యుద్ధంలోకి వచ్చాయన్నమాట. ఇంత దగ్గరగా వచ్చినవి ఎదురుపడకుండా ఎలా ఉంటాయని ఎవరికైనా అనిపిస్తుంది. ఆటల రచయితలకూ అలాగే అనిపించి ఉంటుంది.

కాని మీటియోర్‌కు అప్పగించిన పని వేరు. లండన్ మీద పడుతున్న వి-1 ఎగిరే బాంబులను దారిలో ఆపడం ఆ పని. వి-1 వేగం గంటకు సుమారు 640 కిలోమీటర్లు. మార్క్ 1 మీటియోర్ గరిష్ఠ వేగం దానికంటే కొద్దిగానే ఎక్కువ. ఆగస్టు 4న డీన్ అనే ఫ్లయింగ్ ఆఫీసర్ ఒక వి-1ను వెంటాడి దగ్గరకు చేరేసరికి తుపాకులు మొరాయించాయి. ఆయన తన రెక్క అంచును ఆ బాంబు రెక్క కిందకు చేర్చి, పైకి ఎత్తి, దాన్ని తలకిందులు చేశాడు. బ్రిటిష్ జెట్ సాధించిన మొదటి విజయం అలా తుపాకి పేలని విజయం. యుద్ధం ముగిసేసరికి మీటియోర్లు కూల్చిన వి-1ల సంఖ్య పద్నాలుగు.

ఈ ఒక్క సంఘటనను గీటురాయిగా తీసుకుని ఆటలను పరీక్షించవచ్చు. వార్ థండర్‌లో మీటియోర్‌కు నాలుగు 20 మిల్లీమీటర్ల హిస్పానో ఫిరంగులు ఉంటాయి, అది నిజం. అవి అతిగా వాడి వేడెక్కితేనే మొరాయిస్తాయి. తేలిక స్థాయి ఆటలో గుండ్లు అయిపోతే గాలిలోనే తిరిగి నిండుతాయి. కాబట్టి డీన్‌కు వచ్చిన అవసరం మా అబ్బాయికి ఎప్పటికీ రాదు. చరిత్రలో జరిగిన మొదటి విజయం ఆటలో జరగడానికి తావే లేదు. చరిత్రలో జరగని ద్వంద్వయుద్ధం మాత్రం రోజూ జరుగుతూ ఉంటుంది.

1945 ఆరంభంలో కొన్ని మీటియోర్లు బెల్జియం చేరాయి. మిత్రపక్షాల ఫిరంగిదళాలు వీటిని జర్మన్ జెట్లని పొరబడి కాల్చకుండా మొదట తెల్లరంగు పూశారు. శత్రువుల ఆధీనంలో ఉన్న నేలమీదికి వెళ్ళరాదని వాటికి ఆజ్ఞ. ఒక విమానం కూలి శత్రువు చేతికి చిక్కితే దాని రహస్యాలు బయటపడతాయన్న భయం. చివరి వారాలలో ఆ నిషేధం సడలింది. అప్పుడు కూడా అవి చేసిన పని నేలమీది వాహనాలపైన, రైళ్ళపైన దాడులే. మెసర్‌ష్మిట్ 262 వాటికి ఆకాశంలో ఒక్కసారి కూడా ఎదురుపడలేదు.

కొత్త ఇంజను అనే అబద్ధం

ఆట తయారుచేసేవారి పక్షాన ఒక మాట చెప్పాలి. వారి దగ్గరున్న ఆధారాలు మంచివే. బ్రిటిష్ వాయుమంత్రిత్వశాఖ ప్రతి విమానానికీ పైలట్లకోసం ప్రచురించిన చిన్న పుస్తకాలు ఇవాళ ఎవరికైనా దొరుకుతాయి. బోస్కోంబ్ డౌన్‌లో జరిపిన పరీక్షల నివేదికలు లండన్ శివార్లలోని క్యూ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. కొత్త ఆయుధాల విషయంలో మాత్రం, ఆట తప్పని నిరూపించడానికి కొందరు ఆటగాళ్ళు ఏకంగా సైనిక రహస్య పత్రాలనే బయటపెట్టి దేశాలను ఇబ్బందిపెట్టారు. మీటియోర్‌కు ఆ గొడవ లేదు. దాని రహస్యాలన్నీ ముసలివైపోయాయి.

అయితే పరీక్షా నివేదికలోని విమానం, స్క్వాడ్రన్‌లోని విమానం ఒకటి కావు. ఇది వైద్యులందరికీ తెలిసిన విషయమే. మందుల పరీక్షలో పాల్గొన్న రోగి వేరు, సోమవారం ఉదయం నా గదికి వచ్చే రోగి వేరు. పరీక్షలో ఉన్నవాడికి ఒకటే జబ్బు ఉంటుంది, మందులు వేళకు వేసుకుంటాడు. నా దగ్గరకు వచ్చేవాడికి మూడు జబ్బులుంటాయి, మందు సగం రోజులు మరచిపోతాడు. పరీక్షకు వచ్చిన విమానానికి రంగు నున్నగా ఉంటుంది, ఇంజను కొత్తది, మెకానిక్కులు చేతినిండా ఉంటారు. ఆటలో ప్రతి పోరాటానికీ మనకు దొరికేది ఆ పరీక్షా విమానమే.

దీనివల్ల ఎవరికి లాభం? ప్రధానంగా జర్మన్లకు. మెసర్‌ష్మిట్ 262లోని యూమో 004 ఇంజను ఆకృతిలో ఎంతో ముందుచూపు ఉన్నది. ఇవాళ్టి పెద్ద జెట్ ఇంజన్లు దాదాపు అన్నీ ఆ అక్షీయ పద్ధతికి చెందినవే. కాని అప్పటికి జర్మనీ దగ్గర నికెల్, క్రోమియం వంటి లోహాలు అడుగంటాయి. వేడిని తట్టుకునే మిశ్రలోహం లేక ఆ ఇంజను ఆయుష్షు పది నుంచి పాతిక గంటలు మాత్రమే ఉండేది. బ్రిటిష్ వెల్లాండ్ ఇంజను మోటుది, లావైనది, అపకేంద్ర పద్ధతిలో పనిచేసేది. కాని దాన్ని 180 గంటల వరకు విప్పనవసరం లేదు. ఈ తేడా ఏ ఆటలోనూ కనబడదు. పదిహేను నిమిషాల పోరాటంలో పది గంటల ఇంజనూ నూట ఎనభై గంటల ఇంజనూ ఒక్కటే. గంటకు 870 కిలోమీటర్ల వేగం గల మెసర్‌ష్మిట్ ముందు మార్క్ 3 మీటియోర్ వెలవెలబోతుంది. ఆటగాడు జర్మన్ యంత్రమే గొప్పదన్న నిర్ణయానికి వస్తాడు. ఎంత వేగమన్నదానికే కాక, ఎన్ని రోజులు ఎగరగలదన్నదానికి కూడా యుద్ధంలో విలువ ఉంటుందని ఆట చెప్పదు.

జర్మన్ జెట్ల పట్ల ఈ మోజు కొత్తది కూడా కాదు. 1991లో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ తెచ్చిన ప్రసిద్ధమైన ఆట పేరే "లుఫ్త్‌వాఫె రహస్యాయుధాలు" అన్న అర్థం వచ్చేది. తరువాత రష్యన్ల ఇల్-2 స్టుర్మోవిక్ వరుసలో వచ్చిన 1946 అనే భాగం, యుద్ధం ఇంకొక ఏడాది సాగి ఉంటే అన్న ఊహమీద నడిచి, జర్మన్ల కాగితపు విమానాలకు సైతం ప్రాణం పోసింది. ఓడినవాడి అసంపూర్ణ స్వప్నానికి కథలో ఉండే ఆకర్షణ, గెలిచినవాడి నమ్మకమైన పనిముట్టుకు ఉండదు. కర్ణుడికి మనవాళ్ళలో ఉన్న అభిమానులను చూసినవారికి ఇది వింతగా తోచదు.

ఇంజను విషయంలో ఇంకొక సంగతి. తొలి జెట్లలో థ్రాటిల్‌ను ముందుకు తోస్తే వెంటనే శక్తి రాదు. తక్కువ వేగంనుంచి పూర్తి వేగానికి పుంజుకోవడానికి చాలా క్షణాలు పడుతుంది. తొందరపడి తోస్తే ఇంజను వేడెక్కిపోవచ్చు, మంట ఆరిపోనూవచ్చు. ఈ ఆలస్యాన్ని మంచి ఆటలు కొంతవరకు చూపుతాయి. మార్కుల విషయంలో మాత్రం జాగ్రత్త చాలదు. మార్క్ 3 మీటియోర్లన్నీ ఒకటి కావు. మొదటివాటిలో ఇంజను తొడుగులు పొట్టివి. వాటివల్ల మాక్ 0.75 దగ్గరకు వచ్చేసరికి విమానం వణికిపోయేది. చివరి పదిహేనింటికి పొడవైన తొడుగులు తగిలించారు, ఆ వణుకు బాగా తగ్గింది. మార్క్ 4లో డెర్వెంట్ 5 ఇంజను వచ్చి థ్రస్ట్ 2,000 పౌండ్లనుంచి 3,500 పౌండ్లకు పెరిగింది. ఆ తరువాత రెక్కల కొసలు కత్తిరించారు. 43 అడుగుల రెక్క 37 అడుగుల 2 అంగుళాలయింది. దీనివల్ల పక్కకు దొర్లడం సులభమైంది, దిగేటప్పుడు వేగం ఎక్కువ అవసరమైంది. 1945 నవంబరు 7న మార్క్ 4 స్థాయికి మార్చిన ఒక మీటియోర్ గంటకు 606 మైళ్ళ ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆట ఆడేవారు మీటియోర్ అనగానే ఆ రికార్డు విమానాన్నే తలచుకుంటారు. కాని యుద్ధంలో పాల్గొన్న మీటియోర్ దానికంటే గంటకు వంద మైళ్ళకు పైగా నెమ్మది.

మౌసుకు బరువు లేదు

ఇక నా వృత్తికి సంబంధించిన సంగతి. మీటియోర్, వాంపైర్‌ల అదుపు సాధనాలకు హైడ్రాలిక్ సహాయం లేదు. వేగం పెరిగే కొద్దీ కర్ర బిగుసుకుపోతుంది. రెండు చేతులతో లాగవలసిన పరిస్థితి వస్తుంది. ఆటలో మౌసును ఎటు జరిపితే విమానం అటు తిరుగుతుంది. కంప్యూటరే కనబడని శిక్షకుడిలా చుక్కాని సర్దుతుంది. చేతి కండరం అలసిపోవడమన్న ప్రసక్తి లేదు.

విమానం పదునుగా తిరిగినప్పుడు శరీరం బరువు పెరిగినట్లవుతుంది. దీన్ని జీలలో కొలుస్తారు. నాలుగు జీల దగ్గర 70 కిలోల మనిషి 280 కిలోల మనిషిలా కుర్చీకి అతుక్కుపోతాడు. గుండెకూ కంటికీ మధ్య దూరం సుమారు 30 సెంటీమీటర్లు. ఆ ఎత్తుకు రక్తాన్ని తోయడానికి ఒక్కొక్క జీకి సుమారు 22 మిల్లీమీటర్ల పాదరస పీడనం ఖర్చవుతుంది. గుండె దగ్గర సగటు పీడనం 95 అనుకుందాం. మూడు జీల వద్ద కంటికి చేరేది 29. నాలుగు జీల వద్ద 7. కనుగుడ్డు లోపలి పీడనమే 15 దాకా ఉంటుంది కాబట్టి, రక్తం రెటీనాలోకి ప్రవేశించలేదు. చూపు మొదట అంచులనుంచి బూడిదరంగుకు తిరిగి, తరువాత పూర్తిగా నల్లబడుతుంది. మెదడు ఇంకా మెలకువగానే ఉంటుంది. ఇంకొంచెం లాగితే నాలుగైదు సెకన్లలో స్పృహ పోతుంది. పొట్ట, కాళ్ళ కండరాలు బిగించి, రక్తపోటు ఆ క్షణంలో పెంచుకోవడం తెలిసిన పైలట్లు ఇంకొంత తట్టుకుంటారు. రక్తం కాళ్ళలోకి జారకుండా ఒత్తే దుస్తులను కెనడాలో విల్బర్ ఫ్రాంక్స్ అప్పటికే కనిపెట్టాడు. అవి నీళ్ళతో నిండి ఉండేవి. కాని మీటియోర్, వాంపైర్ పైలట్లకు మామూలుగా అటువంటివేమీ ఇవ్వలేదు.

తెర నల్లబడడాన్ని ఆటలు చూపుతాయి. ఈ విషయంలో వాటిని మెచ్చుకోవాలి. కాని రెండు సంగతులు లేవు. మొదటిది అలసట: మూడోసారి తిరిగేటప్పుడు తట్టుకునే శక్తి మొదటిసారి ఉన్నంత ఉండదు. రెండోది వేడి. వేడిలో చర్మపు రక్తనాళాలు విచ్చుకుంటాయి, చెమటతో రక్తంలో ద్రవం తగ్గుతుంది, జీలను తట్టుకునే శక్తి పడిపోతుంది. లింకన్‌షైర్‌లో నాలుగున్నర జీలు తట్టుకున్నవాడు సింగపూరులో ఆ పని చేయలేకపోవచ్చు. ఎండలో నిలిపి ఉంచిన విమానపు గాజు కప్పు కింద మధ్యాహ్నం ఒంటి గంటకు కూర్చోవడమంటే ఏమిటో, ఇక్కడ ఎండలో ఆపిన కారు ఎక్కినవారందరికీ తెలుసు. వాంపైర్‌లో మార్క్ 9 అని ఒక రకం ప్రత్యేకంగా వచ్చింది. మార్క్ 5కూ దానికీ ముఖ్యమైన తేడా ఉష్ణదేశాలకోసం అమర్చిన శీతలీకరణ యంత్రమే. పైలట్ శరీరం మూలంగా ఒక విమానానికి కొత్త మార్కు సంఖ్య వచ్చింది!

వేడి యంత్రాన్ని కూడా బాధిస్తుంది. ప్రామాణిక వాతావరణమంటే 15 డిగ్రీలు. 30 డిగ్రీల వద్ద గాలి సాంద్రత సుమారు 5 శాతం తక్కువ. జెట్ ఇంజను థ్రస్ట్ అంతకంటే ఎక్కువగానే తగ్గుతుంది. రన్‌వే పొడవు ఎక్కువ కావాలి, పైకి ఎక్కే వేగం తగ్గుతుంది. కొన్ని అనుకరణ ఆటల్లో ఉష్ణోగ్రతను మార్చుకునే వీలుంది. మార్చుకుని ఆడేవారిని నేను చూడలేదు.

తెంగాలో జరిగినది

తెలుగువారికి, ముఖ్యంగా ఇక్కడ ఉంటున్నవారికి, ఈ జెట్ల చరిత్ర యూరపులో మాత్రమే జరిగినది కాదు. 1948 జూన్‌లో పెరాక్ రాష్ట్రపు సుంగై సిపుట్‌లో ముగ్గురు ఐరోపా తోటల అధికారుల హత్యతో మలయా ఎమర్జెన్సీ మొదలయింది. అది 1960 వరకు సాగింది. సింగపూరు పడమటి కొసన ఉన్న తెంగా స్థావరంలో 60వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫయర్లు నడిపేది. 1951 జనవరి 1న, విల్‌ఫ్రిడ్ డంకన్ స్మిత్ నాయకత్వాన ఆ స్క్వాడ్రన్ జొహోర్‌లోని కోటా టింగి ప్రాంతంపై చేసిన దాడి, బ్రిటిష్ వైమానికదళంలో స్పిట్‌ఫయర్ చేసిన చివరి దాడి. ఆ తరువాత వారి చేతికి వచ్చినవి వాంపైర్లు, 1955లో వాటి తమ్ముళ్ళయిన వెనమ్‌లు. 1954 ఏప్రిల్ 1న ఇక్కడికి దగ్గరలోని సెలెటార్‌నుంచి 81వ స్క్వాడ్రన్ వారి ఫొటోలు తీసే స్పిట్‌ఫయర్ చివరిసారి విధికి వెళ్ళింది. దాని స్థానంలోకి మీటియోర్లు వచ్చాయి. మా ఇంటి పైకప్పుమీదుగానే ఆ శబ్దం పోయి ఉంటుంది.

ఈ జెట్లు ఇక్కడ ఏం చేశాయి? శత్రువుకు విమానాలు లేవు. గాలిలో పోరాటమన్నదే లేదు. రెండు వందల అడుగుల చెట్లు కప్పిన అడవిమీద, కనబడని శిబిరాలపై బాంబులు, రాకెట్లు వేయడమే పని. గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల వేగంతో పోయే పైలట్‌కు కొమ్మల కింద దాగిన గుడారం కనబడదు. ఇంధనం త్వరగా అయిపోతుంది కాబట్టి తిరిగి తిరిగి వెదకడానికీ వీలులేదు. ఈ పనికి ప్రొపెల్లర్‌తో నడిచే జంట ఇంజన్ల హార్నెట్ మేలైనది. కొత్తది అన్ని పనులకూ మంచిది కాదని నా రోగులకు చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు తెంగా వాంపైర్లు గుర్తుకువస్తాయి.

ఆ చెట్ల చుట్టూ మనుషులుండేవారు. సుమారు ఐదు లక్షలమందిని, అత్యధికంగా చైనీయులను, ముళ్ళకంచెల కొత్త గ్రామాలకు తరలించారు. రబ్బరు, కొబ్బరి తోటల్లో ఉన్న కూలీలలో మనవాళ్ళూ ఉన్నారు. పెరాక్‌లోని బాగన్ దాతో ప్రాంతంలో ఇవాళ్టికీ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఈ కథ ఆట కావడం కష్టం. ప్రతి ఆటకూ ఎదుటి పక్షం కావాలి. ఇక్కడ ఎదుటి పక్షం ఆకాశంలో లేదు, కింద ఎవరున్నారో పైవాడికి తెలియదు. వాంపైర్ జీవితంలో నిజంగా ఎక్కువ కాలం సాగిన యుద్ధం ఇటువంటిది. ఆటలోని వాంపైర్ మాత్రం ప్రతిరోజూ జెట్లతో తలపడుతుంది.

సరైన తప్పు జోడీ

ఆటలో ఎవరు ఎవరితో తలపడాలన్నది సంవత్సరాన్ని బట్టి నిర్ణయించరు. వార్ థండర్‌లో ప్రతి విమానానికీ ఒక పోరాటస్థాయి అంకె ఉంటుంది. ఆటగాళ్ళు దానితో ఎంత బాగా ఆడుతున్నారన్నదాన్ని బట్టి ఆ అంకెను సవరిస్తారు. ఎవరికీ అన్యాయం జరగకూడదన్నది ఉద్దేశం. ఆటకు అది న్యాయమే. కాని యుద్ధంలో న్యాయమైన జోడీ అంటూ ఉండదు. దీనికి నాకు తెలిసిన రెండు నిదర్శనాలున్నాయి.

మొదటిది కొరియా. 1951లో ఆస్ట్రేలియా 77వ స్క్వాడ్రన్ మార్క్ 8 మీటియోర్లతో యుద్ధానికి వెళ్ళింది. ఎదురుగా వెనక్కి వాలిన రెక్కల మిగ్-15. దాని ఇంజను రోల్స్ రాయిస్ నీన్‌కు వారసురాలు. 1946లో అట్లీ ప్రభుత్వం సోవియట్ యూనియన్‌కు అమ్మడానికి అంగీకరించిన ఇంజను అది. మీటియోర్‌లోని డెర్వెంట్ 5 కూడా ఆ నీన్‌ను కుదించి చేసినదే. అంటే ఒకే కడుపున పుట్టిన ఇంజన్లు రెండు పక్షాలా ఉన్నాయి. ఆగస్టు 29న రాన్ గథ్రీ విమానం దెబ్బతిన్నది. మార్క్ 8లో ఎజెక్షన్ సీటు ఉన్నందున ఆయన సుమారు 38,000 అడుగుల ఎత్తున బయటపడి, బతికి, బందీ అయ్యాడు. ఆ ఎత్తున ఆక్సిజన్ లేకపోతే ఒక నిమిషమైనా స్పృహ నిలవదు. సీటుతోపాటు వచ్చిన ఆక్సిజన్ సీసా ఆయన ప్రాణం కాపాడింది. డిసెంబరు 1న మూడు మీటియోర్లు పోయాయి. తరువాత ఆ స్క్వాడ్రన్‌ను నేలమీది దాడులకు మళ్ళించారు. కొరియా గురించి వచ్చిన ఆటలు ఎక్కువగా సేబర్, మిగ్‌ల జోడీమీదనే నిలిచాయి. 1999 నాటి మిగ్ ఆలీ పేరే చెబుతున్నది. బ్రిటిష్ కంపెనీ తయారుచేసినదైనా సరే.

రెండోది మన దేశానిది. 1948 నవంబరులో భారత వైమానికదళంలోకి వచ్చిన మొదటి జెట్ వాంపైర్. తరువాత బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ వాటిని తయారుచేసింది. 1960లలో మన హకీంపేటలో యువ పైలట్లు జెట్ విద్య నేర్చుకున్నది రెండు సీట్ల వాంపైర్ మీదనే. మా పెదనాన్న అప్పట్లో ఆల్వాల్‌లో ఉండేవారు. "ఈల వేస్తున్నట్టు వచ్చేదిరా, తోక రెండుగా చీలి ఉండేది" అని చెప్పేవారు. ఆయన చెప్పినది వాంపైర్ అని నాకు తెలియడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

1965 సెప్టెంబరు 1 సాయంత్రం ఛంబ్ రంగంలో పాకిస్తాన్ టాంకులను ఆపడానికి పఠాన్‌కోట్‌నుంచి 45వ స్క్వాడ్రన్ వాంపైర్లు వెళ్ళాయి. 1943లో మొదట ఎగిరిన రూపం, నడుము భాగం పలుచటి చెక్కతో చేసినది, ఎజెక్షన్ సీటు లేదు. వాటికి ఎదురుపడినవి సేబర్లు. నాలుగు వాంపైర్లు కూలాయి. నలుగురు పైలట్లలో ముగ్గురు మరణించారు. ఆ తరువాత వాంపైర్లను ముందువరుస పోరాటంనుంచి తప్పించారు. ఇది మా అబ్బాయి ఆటలో "సాధ్యం కాని జోడీ". అంకెలు దాన్ని ఒప్పుకోవు. ఆట సరిదిద్దే అసమానత్వమే ఆ సాయంత్రపు చరిత్ర.

ఎదురు లేని చావులు

తొలి జెట్ల పైలట్లలో ఎక్కువమందిని శత్రువు చంపలేదు. బ్రిటిష్ వైమానికదళం ఒక్కటే సుమారు 890 మీటియోర్లను, 450 మంది పైలట్లను పోగొట్టుకున్నది. దాదాపు అంతా శాంతికాలంలోనే. చెడు వాతావరణం, అయిపోయిన ఇంధనం, చాలని శిక్షణ, పనిచేయని పరికరాలు. వీటిలో ఒక కారణం నన్ను ఎంతగానో కలచివేసింది. మీటియోర్ రెండు ఇంజన్లూ రెక్కల్లో దూరదూరంగా ఉంటాయి. ఒకటి ఆగితే రెండోది విమానాన్ని పక్కకు తిప్పేస్తుంది. కాలితో చుక్కానిని బలంగా తొక్కి పట్టుకోవాలి. వేగం ఒక హద్దుకు తగ్గిందంటే ఎంత తొక్కినా లాభం లేదు, విమానం బోర్లాపడుతుంది. ఈ ప్రమాదానికి సిద్ధం చేయడానికి శిక్షణలో కావాలని ఒక ఇంజను ఆపి దించడం నేర్పేవారు. నిజంగా ఇంజను చెడి పోయినవారికంటే ఈ అభ్యాసంలో పోయినవారే ఎక్కువ. టీకా వికటించి జబ్బుకంటే ఎక్కువమందిని చంపినట్లు. ఇంకొకటి: రెండు సీట్ల మార్క్ 7లో ఎయిర్ బ్రేకులు మూయకుండా చక్రాలు దించితే, ముక్కు హఠాత్తుగా కిందికి తిరిగి విమానం నేలను తాకేది. దానికి దెయ్యపు డైవ్ అన్న అర్థంలో ఒక పేరు స్థిరపడింది. మార్క్ 7లో ఎజెక్షన్ సీటు లేదు.

ఆటగాళ్ళు ఎప్పుడూ గెలుపు ఓటముల గురించి వాదిస్తారు. మీటియోర్ తిరిగే వ్యాసార్ధం ఎంత, గుండు ఎంత నష్టం చేస్తుంది అని. దిగడం గురించి వాదించేవారు అరుదు, దిగనక్కరలేదు కాబట్టి. పోరాటం ముగియగానే తెర మారిపోతుంది. ఆ 450 మందిలో చాలామంది పోయినది మాత్రం ఇల్లు చేరేటప్పుడు.

ఈ వ్యాసం రాయడానికి పూనుకున్న శనివారం మా అబ్బాయిని ఒక పరీక్ష పెట్టమన్నాను. శత్రువులు వద్దు. మౌసు సాయం తీసేసి జాయ్‌స్టిక్ వాడాలి. మార్క్ 4 మీటియోర్, ఎడమ ఇంజను ఆపాలి, రన్‌వే మీద దించాలి. కొంత వెదికి ఇంజన్లను విడివిడిగా ఆపే మీటలు పట్టుకున్నాడు. మొదటిసారి మలుపులో వేగం తగ్గి బోర్లాపడ్డాడు. రెండోసారి రన్‌వేకి ఎడమన ఉన్న చెట్లలో. మూడోసారి దిగలేక మళ్ళీ పైకి లేవాలని ఉన్న ఒక్క ఇంజనునూ పూర్తిగా తెరిచాడు. విమానం వెల్లకిలా తిరిగింది. "ఇది తప్పు నాన్నా, ఇంత చెత్తగా ఉండదు, వాళ్ళ ప్రోగ్రాంలో ఏదో లోపం" అన్నాడు. లోపం కాదనీ, ఆ సాయంత్రం మేము చూసినవాటన్నిటిలో అదే చరిత్రకు అతి దగ్గరగా ఉన్నదనీ చెప్పాను.

వాడు కొంచెంసేపు తెరవంక చూసి, "వాళ్ళకి ఎన్నేళ్ళు నాన్నా?" అన్నాడు.

"చాలామందికి ఇరవై, ఇరవై రెండు."

నాలుగోసారికి వేగం తగ్గనీయకుండా, పొడవుగా వచ్చి, రన్‌వే మధ్యలో దించాడు. ఆపలేక చివరన గడ్డిలోకి పోయింది. కాలు తీసి చూసుకుంటే పెడల్ తొక్కి తొక్కి తొడ వణుకుతున్నది. పెడల్‌లో ఉన్నది చిన్న స్ప్రింగు మాత్రమే. లోపలినుంచి వాళ్ళమ్మ అన్నం చల్లారిపోతున్నదని మూడోసారి పిలిచింది.